కోతుల మొక్కజొన్న

ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, మా ఆవిడ పెట్టిన జంతికలు నములుతారు, పోయేముందు ఒకటే ప్రశ్న వేస్తారు. మీ సర్వీసులో మీరు సాధించిన పెద్ద విజయం ఏది సార్ అని. నాకు ఒళ్ళు మండుతుంది. గాజు పళ్ళేలు కడిగి, బూజులు పెంచి రిటైరైన టెక్నీషియన్ని నేను. విజయాలన్నీ పెద్దసార్ల పేర రాసుకున్నారు. అయినా మీరు ఇంతదూరం వచ్చి అడుగుతున్నారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. దాన్ని అందరూ విజయమనే అన్నారు. డాక్టరమ్మ పని గట్టెక్కింది, ఒక మనిషి ఉద్యోగం నిలబడింది. ఆ రోజు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

డెబ్బైల నాటి మాట. పోర్ట్ బ్లెయర్‌లో మాది చెక్కతో కట్టిన పాత బంగళా. పైన బూజులు, కింద కోతులు. నవ్వకండి, నిజంగానే అంతే. పై అంతస్తులో మా పెద్దసారు, కలకత్తా నుంచి వచ్చిన ముసలాయన, బూజులు సంతానాన్ని ఎలా కంటాయో చూసేవాడు. కింది అంతస్తులో డాక్టరమ్మ, గుంటూరు వైపు నుంచి వచ్చిన చిన్నావిడ, నికోబార్ నుంచి ఓడలో తెప్పించిన పొడుగు తోక కోతులు ఎప్పుడు ఎదకొస్తాయో, ఎప్పుడు కడుపుతో ఉంటాయో చూసేది. ఇద్దరిదీ ఒకే శాస్త్రం. ఇద్దరికీ మాటల్లేవు.

మాటలెందుకు పోయాయంటే ఆటోక్లేవ్ వల్ల. మేం వాడే సామాను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం అది, ఇంట్లో ప్రెషర్ కుక్కరుకి పెద్దన్న. బంగళా మొత్తానికి అదొక్కటే. ఓసారి కిందివాళ్ళు కోతుల పళ్ళేలు అందులో పెట్టారు. ఆ కంపు వదలడానికి వారం పట్టింది. పెద్దసారు మెట్ల మీద నిలబడి ఏదో అన్నాడు, డాక్టరమ్మ ఊరుకునే మనిషి కాదు, ఆవిడా ఏదో అంది. అంతే. ఆనాటి నుంచి మేం టీ తాగే వేళకి వాళ్ళు తాగరు, వాళ్ళ మనిషి మెట్లెక్కడు, మా మనిషి మెట్లు దిగడు. చదువుకున్నవాళ్ళ పంతాలు ఇలాగే ఉంటాయి. మీ దగ్గరా ఉండే ఉంటాయి, చెప్పరు గాని.

ఈ పంతాలు నాకూ, కోతుల్ని చూసుకునే మనిషికీ వర్తించేవి కాదు. మేమిద్దరం బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, రోజూ ఒకే ఫెర్రీలో హార్బరు దాటి పనికి వచ్చేవాళ్ళం. అతని తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వేటకని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అన్నదమ్ములందరూ సముద్రం మీదే బతుకుతున్నారు. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. ఆ చిన్న ఫెర్రీలో కూడా కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. గంగమ్మ కడుపున పుట్టి ఇదేం ఖర్మరా అని అందరూ ఏడిపించేవాళ్ళు. అందుకే కోతుల దగ్గర రోజుకూలీగా చేరాడు. వాళ్ళావిడ నన్ను అన్నియ్యా అని పిలిచేది, అందుచేత అతనికి నేను బావనయ్యాను.

“ఏటి బావా, పైన మీ బూజులికి పెళ్ళిళ్ళు అయ్యేయా?” అనేవాడు ఫెర్రీ దిగుతూ.

“నీ కోతుల సంగతి చెప్పు ముందు.”

“మా కోతులికి పెళ్ళిళ్ళు రోజూ అవుతన్నాయి. పేరంటాలే లేవు.”

నవ్వుతూనే అనేవాడు గాని లోపల బెంగ ఉండేది. బోనులో ఒక్క కోతి పిల్లని పెట్టినా అతన్ని పర్మనెంట్ చేస్తామని డైరెక్టరు మాటిచ్చాడు. ఏళ్ళు గడుస్తున్నా ఒక్కటీ కడుపుతో లేదు. ఇంట్లోనూ అదే కథ. వాళ్ళావిడకి రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయింది, ఆ తర్వాత అసలు నిలవనే లేదు. బాంబూఫ్లాట్ ఆడవాళ్ళు ఊరుకుంటారా. అడివిలో తిరిగే జీవాల్ని తెచ్చి బోనులో పెట్టాడు, వాటి ఉసురు తగిలింది అన్నారు. అత్తగారైతే ఆ ఉద్యోగం మానేసి తమ్ముడి పడవెక్కమని పోరు పెట్టింది. వాళ్ళావిడ ఒప్పుకోలేదు. ఎండుచేపల బుట్ట దించి, “ఆ జీవాలకి తిండెట్టీది ఈయనే కదత్తా, తిండెట్టినోడికి ఉసురెందుకు తగుల్తాది,” అంది. నేను అక్కడే ఉన్నాను. ఎంత బాగా చెప్పావు చెల్లెమ్మా అన్నాను కూడా.

ఇప్పుడు తిండి సంగతి చెప్పాలి. ఈ రోజుల్లో మీకు అర్థం కాకపోవచ్చు. అప్పట్లో మనకు అన్నీ ఓడ మీదే రావాలి. ఓడ వస్తే ఉల్లిపాయలు, ఓడ రాకపోతే లేవు. ఏడాదిలో సగానికి పైగా వాన. మద్రాసులో ఎక్కించిన మొక్కజొన్న బస్తా, దీవుల్లో మకై అంటాం, ఇక్కడ దించేసరికే చెమ్మగిల్లేది. గోడౌన్‌లో నెలైతే అడుగున బూజు. దాన్ని పారేసేవాళ్ళు ఈ దీవుల్లో ఎవరూ లేరు. మా అమ్మ పారేయలేదు, చౌల్దారీలో రైతులు పారేయలేదు. నీళ్ళలో వేసి రుద్ది కడగడం, ఎండ తగిలినప్పుడు చాపల మీద ఆరబోయడం, వేయించి విసురుకోవడం. వచ్చే ఓడ ఎప్పుడొస్తుందో తెలియని చోట గింజ పారేయడం పాపం కింద లెక్క. అతను కోతులకీ అలాగే శుభ్రంగా కడిగి, ఆరబెట్టి పెట్టేవాడు. డాక్టరమ్మ కూడా ఎంత శ్రద్ధో అని మెచ్చుకునేది.

ఇంటి నుంచి అతను తెచ్చుకునే టిఫిన్లో తరచు మొక్కజొన్న రొట్టె, ఎండుచేపల పులుసు ఉండేవి. అన్నియ్యకీ పెట్టు అని ఓ రొట్టె ఎక్కువ పంపేది చెల్లెమ్మ. రొట్టె కాస్త చేదుగా ఉండేది. పులుసులో ముంచితే తెలిసేది కాదు.

ఒకరోజు ఫెర్రీలో అతను కళ్ళు మూసుకునే అన్నాడు.

“బావా, ఓ తమాషా చెప్పనా. ఆడకోతికి ఎదకొచ్చినప్పుడు తోక మొదల వాచి ఎర్రగా అవుతాదా, కొన్నాళ్ళకి తగ్గిపోవాల. మావాటికి తగ్గట్లేదు. సరే అనుకో. ఇప్పుడు ఈడుకి రాని పిల్లముండలికి కూడా వాచిపోనాది. డాక్టరమ్మ బుర్ర గోక్కుంటన్నాది.”

నేను మామూలుగా విన్నాను. ఫెర్రీ దిగి, కొండెక్కి, మెట్లెక్కి, నా బల్ల ముందు కూర్చున్నాక అప్పుడు తగిలింది. మా పెద్దసారు ప్రాణం పెట్టి వెతుకుతున్న బూజు ఒకటుంది. మొక్కజొన్న మీద గులాబీ రంగులో పెరుగుతుంది. దానికి సంతానం కలిగే వేళ వస్తే నల్లపూసల్లాంటి చిట్టి చిట్టి కాయలు కాస్తుంది. ఆ కాయలు ఎప్పుడు కాయాలో తేల్చుకోవడానికి అది తన ఒంట్లోనే ఓ పదార్థం తయారుచేసుకుంటుంది. ఆ పదార్థం ఆడజంతువు కడుపులోకి పోతే, ఆడ హార్మోనే కాబోలనుకుని ఒళ్ళు మోసపోతుంది. బయటి దేశాల్లో బూజు గింజలు తిన్న ఆడపందులు ఎద లేకుండానే ఎదకొచ్చినట్టు వాచిపోతాయని, ఈనవని పెద్దసారే నాకు ఓ మధ్యాహ్నం తీరిగ్గా చెప్పాడు. కడిగినా పోదు, కాల్చినా పోదు అని కూడా చెప్పాడు.

పరిగెత్తుకెళ్ళి ఆయనకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “కిందవాళ్ళ వ్యవహారం. పిలవని పేరంటానికి నువ్వెళ్తావా?” అని హిందీలో అడిగాడు.

వెళ్ళలేదు. కాని మర్నాడు ఫెర్రీలో అతన్ని గుప్పెడు గింజలు తెచ్చిపెట్టమన్నాను. ఎందుకని కూడా అడక్కుండా జేబురుమాల్లో మూటకట్టి తెచ్చాడు. పళ్ళెంలో నాటాను. ముందు తెల్లగా దూదిలా వచ్చింది, ఆనక గులాబీ తిరిగింది, అడుగున ఎర్రబడింది. క్యారెట్ ముక్కల మీదికి మార్చి కిటికీ పక్కన పెట్టాను. కొన్ని వారాలకి నల్లపూసలు బయటపడ్డాయి.

పెద్దసారు ఆ పళ్ళెం చూసి పసిపిల్లాడైపోయాడు. దీనికోసం ఆయన నన్ను చౌల్దారీలో, ప్రోతరాపూర్‌లో గడపగడపకీ తిప్పాడు. బురదలో నా చెప్పులెన్ని పోయాయో. తీరా చూస్తే అది మా కాళ్ళకింద గోడౌన్లో ఉంది. ఎక్కడిది, ఎక్కడిది అని చంపేశాడు. చెప్పాను. ఆయన పళ్ళెం పట్టుకుని, అన్నేళ్ళలో మొదటిసారి, మెట్లు దిగి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు.

ఆవిడ అంతా విని స్టూలు మీద కూలబడింది. “నా చేత్తో నేనే పెట్టించానా వాటికి,” అంది. పెద్దసారు ఆవిడ భుజం తట్టాడు. ఆ రోజే ఆవిడ ఆ బస్తాలు పక్కన పెట్టించి, కోతులకి బియ్యం, శనగలు, కొబ్బరి పెట్టమంది. ఇద్దరూ ఒకే కెటిల్ నుంచి టీ తాగారు. ఆ ఆటోక్లేవ్ గొడవ లేకపోతే ఈ టీ ఏళ్ళ కిందటే తాగేవాళ్ళు కదా అనుకున్నాను.

సరిగ్గా అదే సమయానికి కోతుల్ని చూసుకునే అతన్ని పనిలోంచి ఆపేసి ఉన్నారు. కోతులకి పిల్లల్ని పుట్టించే పథకం ఎందుకు ఫలించలేదో తేల్చడానికి మెయిన్‌లాండ్ నుంచి ఓ ఆఫీసరు ఓడలో వస్తున్నాడు. ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి కదా. స్టోరు బాబు ముందుకొచ్చాడు. కోతులవాడు మొక్కజొన్న మూట చంకలో పెట్టుకుని ఫెర్రీ ఎక్కడం తను చూశానని, తిండి ఇంటికి మోసుకుపోతే కోతులు ఎండిపోక ఏం చేస్తాయని అన్నాడు. దొంగ అనే మాట బాంబూఫ్లాట్ దాకా పాకింది. అతను నా దగ్గరికొచ్చి జెట్టీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

“నాను దొంగనేటి బావా?”

“ఊరుకో. కోతులకి తిండి తక్కువై కాదు, వేరే కారణం ఉంది. మా దగ్గర రుజువుంది. ఆఫీసరు ముందు చెప్పేదాకా ఎవరితోనూ అనొద్దన్నారు పెద్దసారు. నీకేం కాదు,” అన్నాను. గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో అని కూడా అన్నాను. ఎంత ధీమా నాకు.

ఆఫీసరు వచ్చిన రోజు డైరెక్టరు గదిలో అందరం నిలబడ్డాం. పెద్దసారు హిందీలో పావుగంట దంచాడు. పళ్ళేలు చూపించాడు, గులాబీ బూజు చూపించాడు, కోతులకి పిల్లలు పుట్టకపోవడానికి కారణం ఇదిగో ఇదీ అన్నాడు. డాక్టరమ్మ వాపుల సంగతి చెప్పింది. ఆఫీసరు మంచివాడే, శ్రద్ధగా విన్నాడు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ అతనికి పెద్ద పెద్ద మాటలు అర్థం కాలేదు. తన మీది మచ్చ పోతోందని మాత్రం అర్థమైంది. ముఖం వెలిగిపోతోంది.

ఆఫీసరు అతని వైపు తిరిగి, “సరే, మరి ఆ మూట? ఇంటికి తీసుకెళ్ళిన మాట నిజమేనా?” అని అడిగాడు.

అతను ఒక అడుగు ముందుకేశాడు. జీవితంలో అంత ధైర్యంగా అతను మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

“తీసుకెళ్ళేను సాబ్. అబద్ధం ఎందుకాడాల. కాని మంచి గింజ ఒక్కటి ముట్టుకోలేదు. కోతులది కోతులకే ఎట్టీసేను. అడుగున బాగా బూజెట్టిపోయిందుంటాది కదా, అది సముద్రంలో పారీమన్నాది డాక్టరమ్మ. పారీడానికి చేతులు రాలేదు సాబ్. అదే ఇంటికి తీసుకెళ్ళేను. మాయావిడ కడిగి, ఎండెట్టి, రొట్టెలు చేసీది. చేరిన కాడినుంచి అవే తింటన్నాం. ఇదుగో, ఈ బావని అడగండి, ఈయనా తిన్నాడు.”

అని నా వైపు చూసి నవ్వాడు.

డాక్టరమ్మ తల దించుకుంది. పెద్దసారు చేతిలో ఉన్న పళ్ళేనికి మెల్లిగా మూత పెట్టాడు. ఆ రొట్టె మొక్కజొన్న ఎక్కడిదని నేను ఒక్కసారైనా అడిగి ఉంటానా అని వెనక్కి వెతుక్కుంటున్నాను. రేషన్‌దో, బజారుదో అనుకున్నాను. అసలు అనుకోనుకూడా లేదు, తిన్నానంతే.

“ఏటి బావా, అలాగ చూస్తన్నావు?” అన్నాడు.

అతను పళ్ళెం వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

“కోతులికి పిల్లలవనిది ఈ మకై వల్లేనని కదేటి పెద్దసారు చెప్పాడు ఇందాకా?”

“అవునయ్యా,” అంది డాక్టరమ్మ.

“మరి మాయావిడికి కూడా ఇదేనా అమ్మా?”

డాక్టరమ్మ మంచి శాస్త్రజ్ఞురాలు. తెలియనిది తెలుసనదు. “చెప్పలేనయ్యా. మనుషుల్లో ఇది ఎలా పనిచేస్తుందో ఎవరూ తేల్చలేదు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు,” అంది.

ఆఫీసరుకి ఇదంతా అంతగా బోధపడలేదు. పారేయాల్సిందే పట్టుకెళ్ళాడు కాబట్టి దొంగతనం లేదని తేల్చేశాడు. డైరెక్టరు అందరితో చేతులు కలిపాడు. స్టోరు బాబు మొహం మాడ్చుకుని బయటికి పోయాడు. విజయం అన్నానే, అది ఇదే.

సాయంత్రం ఫెర్రీలో అతను కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. వాంతి కూడా రాలేదు. బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గరపడుతుంటే నేనే అన్నాను, ఇంట్లో చెప్పకు, ఇక మీదట ఆ గింజలు తేకు, అంతే చాలు అని. తలూపాడు. వాళ్ళావిడ దగ్గర ఏదైనా దాచగలిగిన మనిషైతే కదా. ఆ రాత్రే చెప్పేశాడట. ఆవిడ ఇంట్లో మిగిలిన పిండి తీసుకెళ్ళి పెంటలో పోసి వచ్చిందట.

తర్వాత అన్నీ మేం చెప్పినట్టే జరిగాయి. తిండి మారిన కొన్ని నెలలకి కోతుల వాపులు తీశాయి, ఎద సక్రమంగా రావడం మొదలైంది. మరుసటి ఏడాది వానలకి ముందు ఒక కోతి పిల్లని పెట్టింది. పిడికిలంత ఉంది, మొహమంతా ముడతలే. డైరెక్టరు మిఠాయి పంచాడు. అన్న మాట ప్రకారం అతన్ని పర్మనెంట్ చేశారు. డాక్టరమ్మ పిల్లకోతిని చూస్తూ ఏడ్చేసింది, పెద్దసారు ఆవిణ్ణి ఆటపట్టించాడు. అతను మాత్రం మిఠాయి నోట పెట్టలేదు. ఆకులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చెల్లెమ్మ మా ఇంటికొచ్చింది. చేపల బుట్ట గుమ్మం పక్కన దించి, లోపలికి రమ్మంటే రాకుండా అక్కడే నిలబడింది. అంతకాలం ఆవిడ ఈ ఊసు నా దగ్గర ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎదురుపడితే కూర ఏం వండావు, చేపలు పడ్డాయా, ఇంతే మాటలు. ఆవిడ ఎదురుచూస్తోందని నాకేం తెలుసు.

“కోతికి పిల్ల పుట్టిందట కదా అన్నియ్యా,” అంది.

“అవును చెల్లెమ్మా.”

“మకై మానీసేక ఎన్నాళ్ళకి?”

చెప్పాను.

“నానూ అప్పుడే మానీసేను. అటూ ఇటూగా అవే రోజులు. కోతికి తగ్గిపోనాది. నాకెందుకు తగ్గలేదు?”

కోతి ఒళ్ళు వేరు, మనిషి ఒళ్ళు వేరు అన్నాను. వయసు కూడా ఉంటుంది అన్నాను. ముందు పోయిన రెండూ దీనివల్లే పోయాయని ఎవరూ అనలేరు అన్నాను. పోర్ట్ బ్లెయర్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకి చూపించుకుందాం, నేను తీసుకెళ్తాను అన్నాను. నాకు తెలిసిందంతా వరసపెట్టి అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

“ఇదంతా కాదు. దానివల్లేనా, కాదా? అది చెప్పు.”

“తెలీదు చెల్లెమ్మా.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు.

“మీ డాక్టరమ్మా అదే అన్నాది. నువ్వూ అదే అంటన్నావు. ఆ గింజలు నానే కడిగీదాన్ని అన్నియ్యా. ఇంకెవులూ కడగలేదు. నీళ్ళు మార్చి మార్చి కడిగి, ఆయనకి ఎట్టి, నాను తిన్నాను. కాదు చెల్లీ, దానివల్ల కాదు అని ఒక్క మాట అనీస్తే నీ సొమ్మేటి పోనాది?”

నాకు ఆ మాట గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అంతకాలం పళ్ళేల ముందు కూర్చుని, తెలియనిదాన్ని తెలుసనకూడదని నేర్చుకున్న బుర్ర అడ్డుపడింది. నేను ఆలోచిస్తుండగానే ఆవిడ వంగి బుట్ట నెత్తికెత్తుకుని బజారు వైపు వెళ్ళిపోయింది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. నాకు ఇద్దరు పుట్టారు, అవే రొట్టెలు తిన్న నాకు. ఇది కూడా రుజువు కిందికి రాదు. మేం రిటైరయ్యేదాకా ఒకే ఫెర్రీలో హార్బరు దాటాం, ఆవిడ చేపలతో, మేం టిఫిన్లతో. రోజూ పలకరించేది, రోజూ నవ్వేది. ఆ ఒక్క మాట అనడానికి నాకు అన్నేళ్ళు టైముంది. ముందు అతను పోయాడు. పోయినేడు ఆవిడ పోయింది. శవం లేపేముందు మొహం చూడమన్నారు. నేను దగ్గరికెళ్ళి వంగి, దానివల్ల కాదు చెల్లీ అన్నాను. పక్కన నిలబడ్డవాళ్ళు నేనేదో మంత్రం చదువుతున్నాననుకున్నారు.